తేదీ మాత్రమే వేసిన చీటీ

మా తెలుగు టీచరుగారు పోయారని రెండు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చిలకలూరిపేటలో నేను పనిచేసే పురుగుమందుల కొట్టు షట్టరు అప్పుడే ఎత్తి, అట్టపెట్టెలు సర్దుతున్నాను. చీరాల నుంచి ఆవిడ కూతురు చేసింది. "అన్నయ్యా, అమ్మ పోయింది" అని చెప్పి, "మీ చీటీ ఒకటుంది. వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. మర్చిపోకుండా ఇమ్మంది" అంది. మొదటి మాటకి ఏడుపు వచ్చేలోపే రెండో మాటకి చేతిలో ఉన్న అట్టపెట్టె కింద పెట్టేశాను. ఆ చీటీ ఎప్పుడో చిరిగిపోయుంటుందని, లేకపోతే ఏ చెదలో తినేసి ఉంటాయని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను భయస్తుణ్ణి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా భయంగానే ఉంది. కానీ "భయం" అని రాయగానే ఆవిడ గొంతు వినిపించి పెన్ను ఆగిపోతుంది. "అంటే?"

ఆ ఒక్క మాటే ఆవిడ బెత్తం. ఆవిడ మా ఊరి హైస్కూలుకి వచ్చేసరికి నేను ఏడో తరగతి. చీరాలలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. బక్కపలచగా ఉండేవారు. వాన ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉండాల్సిందే. పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. అయినా బెత్తం విరిగేలా కొట్టే లెక్కల మాస్టారికన్నా ఆవిడంటేనే మాకు హడల్. ఆయన దగ్గర చెయ్యి చాపి ఊరుకుంటే సరిపోయేది. ఈవిడ దగ్గర నోరు తెరవాలి.

ప్రతి సోమవారం మేం తలా ఒక చీటీ తీసుకురావాలి. పాత క్యాలెండరు కాగితాల వెనక తెల్లగా ఉండే వైపు వాటికి పనికొచ్చేది. చీటీకి ముందువైపు ఒక మాట రాయాలి. వెనకవైపు ఆ మాట ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఎప్పుడన్నారు అని రాయాలి. పుస్తకంలోంచి తెచ్చిన మాట చెల్లదు. "నిఘంటువులో ఉన్న మాటలు ఎక్కడికీ పోవురా. మీ నాయనమ్మ నోట్లో ఉన్నవే పోతాయి, అవి పట్రండి" అనేవారు. తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టించి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న నూలు పోగులతో చీటీలన్నీ దానికి వేలాడదీసేవారు. దగ్గరదగ్గర అర్థాలున్న మాటల్ని పక్కపక్కన కట్టేవారు. అసలు పరీక్ష అక్కడ మొదలయ్యేది.

"ఓపిక, ఓర్పు. రెండూ ఒకటేనా?" అని అడిగారు ఒకసారి. అందరం ఒకటే అన్నాం. మా బెంచీ వెనక కూర్చునే అమ్మాయి మాత్రం లేచి, "మా అత్తకి ఓపిక లేదు గానీ ఓర్పుంది టీచర్" అంది. వాళ్ళ అత్త మంచం పట్టిన మనిషి. టీచరుగారు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేశారు. ఇంకోసారి ఒకడు, తాతకి వేలు నొప్పి అని చెప్పాడు. "అంటే? పోటా, సలుపా, మంటా?" వాడు ఇంటర్వెల్లో ఇంటికి పరిగెత్తి, రొప్పుకుంటూ వచ్చి, "సలుపంట టీచర్! గోరుచుట్టు!" అని గుమ్మంలోంచే అరిచాడు. మేమంతా పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "మిరప కళ్ళంలో కూర్చుని తాలుకాయ వేరు, మంచికాయ వేరు అని చకచకా ఏరేస్తారుగా. ఆ చేతులే మీవి. మాటలు ఏరడానికి ఏమొచ్చింది?" అన్నారు.

భయం అన్న మాటని ఆవిడ ఎనిమిదో తరగతిలో మాకు నిషేధించారు. "అది గంపగుత్త మాట. గంప దించి, లోపల ఏముందో తీసి చూపించండి" అన్నారు. ముందు తనే మొదలుపెట్టారు. "నాకు లారీ అంటే బెదురు. హారన్ వినపడగానే ఆలోచించకుండా ఒళ్ళు పక్కకి దూకుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు ముందు జంకు. చెప్పాల్సింది తెలుసు, కాలు మాత్రం ముందుకి పడదు. మా అమ్మకి బాగాలేదని ఉత్తరం వస్తే గుబులు. అది ఇక్కడ, గుండెల్లో ఉంటుంది. ఇంటికి వెళ్ళి అమ్మని చూసేదాకా పోదు." ఎవడో చివరి బెంచీలోంచి, "చావంటేనో టీచర్?" అన్నాడు. ఆవిడ తీగకేసి చూసి, "అది నాకింకా తేలలేదురా. తేలాక చెబుతా" అన్నారు. పెద్దవాళ్ళు కూడా తమకి భయాలున్నాయని ఒప్పుకుంటారని నాకు తెలిసింది ఆ రోజే. మా నాన్న నోటి నుంచి మటుకు ఆ మాట అప్పటికి నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఆ ఆదివారం గురించి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది అదే.

భాద్రపదమాసం. ఎండ దంచేస్తోంది. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టి ఎన్ని మందులు కొట్టినా చావడం లేదు. నాన్న నాలుగు రోజులుగా వీపు మీద పంపు దించకుండా కొడుతున్నాడు. పొద్దున పదింటికి నేను క్యారియర్ తీసుకుని పొలానికి వెళ్ళాను. నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా పిండితే కారేట్టుంది. ఎడమ చెంప, కంటికి కాస్త కింద, దానంతటది అదురుతోంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ అదురుతుంది.

"ఏంట్రా అట్టా చూస్తన్నావు?" అన్నాడు.

"నీ చెంప నాన్నా..."

"ఎండలేరా. ఇంటికాడ మీ అమ్మకేం చెప్పబాక. ఇంకో రెండు సాళ్ళున్నాయి, కొట్టేసి వస్తా."

నేను క్యారియర్ అక్కడ పెట్టి వచ్చేశాను. అమ్మ "మీ నాన్న ఎట్టా ఉన్నాడ్రా?" అంది. "బాగానే ఉన్నాడు" అన్నాను. నాన్న చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అది నిజం కాదు. చెబితే అది నిజమైపోతుందేమోనని చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి నాన్నని ఎడ్లబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. అరుగు మీద పడుకోబెట్టేసరికి వీధివీధంతా చేరింది. అందరూ ఎండదెబ్బే అన్నారు. మజ్జిగలో ఉప్పేసి పట్టారు, ఉల్లిపాయ చితక్కొట్టి అరికాళ్ళకి రుద్దారు. అమ్మ తడిచొక్కా విప్పబోతే మా బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే ఇంకేమన్నా ఉందా వదినా? ఉండనీ." ఎవరో మెల్లగా, పురుగుమందు ఒంటికి పట్టిందేమో అన్నారు. బాబాయి ఇంతెత్తున లేచాడు. "మా అన్నకి మందు పట్టడమేంటి? ఇరవయ్యేళ్ళ నుంచి కొడతన్నాడు! మందు పట్టేది చేతకానోళ్ళకి!" మా వైపు మగవాళ్ళకి అదో పరువు. ఆ పరువు కోసం మందుతో తడిసిన చొక్కాని నాన్న ఒంటి మీదే ఉంచారు.

నాన్న నోట్లోంచి మజ్జిగ బయటికి వచ్చేస్తోంది. దాని వెనక చొంగ. నేను వెనక్కి వెనక్కి జరిగి, వీధిలోకి వచ్చి, పరిగెత్తాను. టీచరుగారు మా ఊళ్ళోనే రెండు వీధులవతల అద్దెకుండేవారు. ఆవిడ చాటలో పప్పు ఏరుకుంటున్నారు.

"టీచర్, మా నాన్న చచ్చిపోతున్నాడు!"

ఆవిడ చాట పక్కన పెట్టారు. "ఏం చూశావో చెప్పు. ఏమవుతుందో కాదు, చూసింది చెప్పు."

"వణుకుతున్నాడు."

"వణుకా, అదురా?"

నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. అవతల నాన్న పోతుంటే ఇక్కడ పాఠమా అనిపించింది. కానీ అడిగింది ఆవిడ. జవాబు వెతక్కుండా ఉండటం నాకు చేతకాలేదు. "అదురు. ఒళ్ళంతా కాదు. ముందు చెంప, పొద్దున పదింటికి. ఇప్పుడు చెయ్యి, తొడ. కండ మాత్రమే ఎగురుతోంది. చొంగ కారుతోంది, నురగ కాదు. ఒళ్ళు చల్లగా ఉంది. పలకరిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది."

"ఎండదెబ్బకి ఒళ్ళు కాలిపోవాలి కదరా" అన్నారు ఆవిడ, తనతో తనే అన్నట్టు. "నాకు వైద్యం తెలియదు. ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టే డాక్టరుకి చెప్పాలి. ఒక్క మాట మార్చకు."

ఆవిడ వచ్చి నిలబడితే బాబాయి కూడా అడ్డు చెప్పలేదు. పత్తి నింపిన బోరే సంచులు వేసుకెళ్ళే ట్రాలీ ఆటోలో నాన్నని ఎక్కించారు. అమ్మ, బాబాయి, నేను ఎక్కాం. టీచరుగారు కూడా ఎక్కారు. చిలకలూరిపేట ఆస్పత్రికి వెళ్ళే హైవే మీద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడల్లా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకోవడం చూశాను. ఒక చేత్తో ట్రాలీ కమ్మీని, ఇంకో చేత్తో నా భుజాన్ని పట్టుకున్నారు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో నాకు తెలియలేదు.

ఆదివారం కావడంతో ఆస్పత్రిలో ఒక్కరే డాక్టరు. బయట బెంచీల నిండా జనం. బాబాయి వెళ్ళి "ఎండదెబ్బండి" అని చెప్పి వచ్చాడు. కూర్చోమన్నారు. టీచరుగారు నా వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టారు. నేను చెప్పాను. ఒక్క మాట మార్చలేదు, పొద్దున పదింటికి అన్నది ఒక్కటి మింగేశాను. డాక్టరు రాస్తున్న చీటీ వదిలేసి బయటికొచ్చి, నాన్న కనురెప్పలు ఎత్తి చూసి, కేకలు మొదలుపెట్టారు. "చొక్కా విప్పండి ముందు! సబ్బు తెండి, నీళ్ళు తెండి! మందు కొడుతూ పడిపోయాడని ఒక్కరూ చెప్పరేం?" అమ్మ సబ్బు కోసం బయటికి పరిగెత్తింది. బాబాయి నీళ్ళకి వెళ్ళాడు. వరండాలో నాన్నని బట్టలు లేకుండా పడుకోబెట్టి కడిగారు. అంత పెద్ద మనిషి, ఎవరి చెయ్యి ఎటు తిప్పితే అటు తిరుగుతున్నాడు. అది నేను చూడకూడదని తెలుసు. చూశాను.

సూది మీద సూది వేస్తూ డాక్టరు నన్ను అడిగారు. "ఎప్పటినుంచి ఇట్టా ఉంది?"

అన్నీ సరిగ్గా చెప్పినవాణ్ణి, అక్కడ అబద్ధం ఆడాను. "ఇందాకటినుంచి" అన్నాను.

టీచరుగారు నావైపు చూశారు. "పొద్దున పదింటి నుంచండీ" అన్నారు, మామూలుగా, నా మాటని కొనసాగిస్తున్నట్టు. అమ్మా బాబాయీ అప్పుడు సూదిమందులు కొనడానికి బయటికి వెళ్ళి ఉన్నారు. అక్కడా, ఆ తర్వాతా ఆవిడ ఆ సంగతి ఇంకెవరితోనూ అనలేదు.

నాన్న మూడో రోజు నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళు అడిగాడు. ఆ మూడు రోజులు నేనెలా ఉన్నానో రాయలేను. ఆ పై సోమవారం నేను స్కూలుకి వెళ్ళాను. అందరూ చీటీలు ఇచ్చారు. నేను తెల్లకాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు.

"మాట దొరకలేదా?"

తల అడ్డంగా ఊపాను.

"సరే. తేదీ మాత్రం వెయ్యి."

వెనకవైపు ఆ ఆదివారం తేదీ వేశాను. ఆవిడ దాన్ని తీగ చివర, వేరే ఏ చీటీకీ తగలకుండా కట్టారు. నేను పదో తరగతి దాటేదాకా అది అక్కడే ఉంది. పాఠం వింటూ తల ఎత్తితే అది కనిపించేది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా దానివైపు వేలు చూపించలేదు.

నాన్న మళ్ళీ పంపు ఎత్తాడు. ఎత్తకపోతే పొలం ఎవరు చేస్తారు? నేను పెద్దయి, చదువు అంతంతమాత్రంగా సాగి, తిరిగి తిరిగి పురుగుమందుల కొట్లోనే గుమాస్తాగా చేరాను. విచిత్రమే. డబ్బా కొన్న ప్రతి రైతుకీ చెబుతాను, ఒంటి మీద తడిచొక్కా ఉంచుకోవద్దు, కండ అదిరితే అది ఎండ కాదు అని. "నువ్వు మందులమ్ముతున్నావా, బెదరగొడుతున్నావా?" అని మా ఓనరు విసుక్కుంటాడు. ఇది చదివేవాళ్ళలో మందు కొట్టేవాళ్ళుంటే వాళ్ళకీ అదే చెబుతున్నాను. నేను నేర్చుకున్నదంతా ఆవిడ చలవే.

రెండేళ్ళ కిందట ఆవిడ పేటకి ఏదో పెళ్ళికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ కొట్టుకి వచ్చారు. జుట్టు నెరిసింది. గొడుగు అదే. బస్సు ఎక్కించడానికి హైవే దాటించాలి. లారీలు చూసి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, చిన్నపిల్ల పట్టుకున్నట్టు. అవతలి వైపు చేరాక కూడా వదల్లేదు.

"రాశావా?" అన్నారు.

ఏమిటని అడగక్కర్లేదు. "లేదు టీచర్."

"తొందరేం లేదు. కాకపోతే నేనుండగా రాస్తే చదువుకుంటాను."

బస్సు వచ్చింది. నేను వచ్చే నెల చీరాల వస్తానన్నాను. వెళ్ళలేదు. వెళితే చీటీ చేతిలో పెడతారు. ఆవిడ భాషలో అది జంకు. చెప్పాల్సింది తెలుసు, కాలు ముందుకి పడలేదు. దాని ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడకి చదివి వినిపించే అవకాశం పోగొట్టుకున్నాను.

చీరాలలో దినం అయ్యాక వాళ్ళమ్మాయి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. గోడ నుంచి గోడకి తీగ. ఎన్ని బడుల చీటీలో, పచ్చబడి, అంచులు వంకర తిరిగి వేలాడుతున్నాయి. ఆ పిల్ల చెప్పింది. "చివరి రోజు పొద్దున అడిగానన్నయ్యా, భయంగా ఉందా అమ్మా అని. కాదంది. కాసేపు ఆలోచించుకుంది. 'కొంచెం జంకుగా ఉందే, అంతే' అంది."

నేను అక్కడే కూర్చుండిపోయి ఏడ్చాను. తేలాక చెబుతానన్న మాట ఆవిడ నిలబెట్టుకున్నారు. తీగ చివర నుంచి ఆ పిల్ల విప్పి ఇచ్చిన నా చీటీ తెల్లగా ఏం లేదు, పసుపుపచ్చగా ఉంది. వెనక నా ఎనిమిదో తరగతి చేతిరాత, ఆ తేదీ.

నిన్న సాయంత్రం మిరప కళ్ళానికి వెళ్ళాను. నాన్న కాయలు తిరగేస్తున్నాడు. చీటీ చూపించి, ఆ రోజు పదింటికి నేను చూశానని, అమ్మకి బాగానే ఉన్నాడని చెప్పానని, డాక్టరు దగ్గరా అబద్ధమాడానని, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

నాన్న కాయల మధ్యే కూలబడ్డాడు. "చెప్పబాకన్నది నేనేగా" అన్నాడు. "నాకప్పుడే తెలుసురా. చెయ్యి నా మాట వినటం మానేసింది. చచ్చిపోతానేమోననుకున్నా. భయమేసింది. భయమేసే మీ అమ్మకి చెప్పబాకన్నా."

నా నోటి నుంచి నాకు తెలియకుండానే వచ్చేసింది. "అంటే?"

"అంటే ఏందిరా? భయమే."

గంప దించి చూపించమనే మనిషి లేదు. ఉన్నా, ఈ ఒక్కసారికి ఊరుకునేవారనుకుంటాను. జేబులోంచి పెన్ను తీసి, మోకాలి మీద పెట్టుకుని చీటీ మీద రాశాను. ముందువైపు, భయం. వెనకవైపు తేదీ పక్కన, నాన్న అన్నాడు, మిరప కళ్ళంలో. గాలికి ఎగరకుండా నాన్న దాని మీద రెండు మిరపకాయలు పెట్టి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయన పొలంలో ఉన్న ప్రతి రోజూ చూసినట్టే నేను ఆయన ఎడమ చెంప చూశాను. దాని మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. కదలడం లేదు. అయినా పొద్దుగుంకేదాకా చూస్తూ కూర్చున్నాను.